గడ్డికి ఇచ్చే సెలవు మనిషికీ ఇయ్యాలె

ఈసారి గోల్ఫ్ కోర్సుల్లో పనిచేసే మనవాళ్ల గురించి. ల్యాండ్‌స్కేపింగ్ పనిలో ఉన్నవాళ్లు కూడా చదవండి, మీకూ పనికొస్తది.

దుబాయ్‌ల వానెక్కడిది అని ఇంటికాడ అనుకుంటరు. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్లు దాటి కురిసింది. 1949లో లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచి యూఏఈలో అంత వాన లేదు. ఆ ఏడు మార్చిలోనూ పడ్డది, మే మొదట్లో మళ్లీ పడ్డది. ఇక్కడి కోర్సుల్లో నీళ్లు పెట్టే ఏర్పాటే పెద్దది. అన్ని నీళ్లు ఒక్కసారి బయటికి పంపుడు దానితోని అయ్యే పని కాదు.

వాన వెలిసిందో లేదో, "ఎప్పుడు తెరుస్తరు?" అని మొదలైతది. మెంబర్లు మేనేజర్‌ని, మేనేజర్ సూపరింటెండెంట్‌ని, ఆయన ఫోర్‌మెన్‌ని, ఫోర్‌మెన్ మిమ్మల్ని అడుగుతరు. ఈ తొందరతో కోర్సుకే నష్టం అంటాను నేను.

మీలో చాలామంది వరి పండించినవాళ్లే. కరిగెట ఎందుకు దున్నుతం? నీళ్లు కిందికి ఇంకకుండా నేల సందులు మూసుకుపోవాలని. తడిసిన ఫెయిర్‌వే మీద బరువు మోవర్ నడిపితే అయ్యేది అదే. వరికి అది మేలు, ఈ గడ్డికి చావు. వేరుకు గాలి ఆడదు, నీళ్లు పైనే నిలుస్తయి. పైగా ఏప్రిల్ అంటే చలికాలంలో చల్లిన రై గడ్డి వెనుకబడి, కింది బెర్ముడా లేచే కాలం. రాత్రి వేడి, పొద్దంతా తడి ఉంటే పైథియం తెగులు తెల్లారేసరికి మచ్చలు మచ్చలుగా కనిపిస్తది. ఆ మచ్చల మీద తిరిగిన మోవర్ చక్రాలే దాన్ని పక్క గ్రీన్‌కు మోసుకుపోతయి.

అందుకే పని తెలిసిన సూపరింటెండెంట్ తాడు కడతడు, బగ్గీలను దారి మీదికే పరిమితం చేస్తడు, కోత ఎత్తు పెంచుతడు, గ్రీన్ మీద చేతితో తోసే మోవర్ మాత్రమే రానిస్తడు. పదును వచ్చేదాకా ఆగుడు మనకు కొత్తా? ఊళ్లో తాతలు చేసిందే.

మరి మనిషికి ఆ ఆగుడు ఎక్కడుంది? తడి వాలు మీద రైడింగ్ మోవర్ జారితే సీదా చెరువులకే పోతది. బండికి రోల్ బార్ నిలబెట్టి ఉంటే సీటుబెల్టు తప్పకుండా పెట్టుకోవాలె, బార్ మడిచి ఉంటే పెట్టుకోవద్దు. ఈ రెండో ముక్క చాలా చోట్ల చెప్పరు. అసలు బార్ మడిచిన బండితో వాలు మీదికి, చెరువు గట్టుకు పోనే పోవద్దు. చెరువులో ఉన్నవి చాలా కోర్సుల్లో శుద్ధి చేసిన మురుగు నీళ్లు. బంకర్ ఇసుక ఎత్తేటప్పుడు, పంపు పెట్టేటప్పుడు కాలికి పుండు ఉంటే ఆ నీళ్లల్లో దిగకండి, బూట్లు అడగండి. మునిగిన కరెంటు ప్యానెల్‌ను ఎలక్ట్రీషియన్ చూసేదాకా ముట్టకండి.

ఉరుముల సైరన్ మోగితే ఆటగాళ్లు క్లబ్‌హౌస్‌కు పోతరు. మనవాళ్లు చెట్టు కింద నిలబడతరు! ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు లోపలే ఉండాలన్న నియమం మేఘానికి తెలుసు, దానికి మెంబర్‌షిప్ కార్డుతో పనిలేదు. క్లబ్‌హౌస్ లేకుంటే నాలుగు గోడల పక్కా బిల్డింగు, అదీ లేకుంటే అద్దాలు మూసిన ఇనుప పైకప్పు కారో బస్సో; తెరిచి ఉన్న షెడ్డు, గోల్ఫ్ బగ్గీ పనికిరావు. మీ సైట్‌లో ఎక్కడికి పోవాలో వాన రాకముందే ఫోర్‌మెన్‌ని అడిగి పెట్టుకోండి. ఒక్కరు అడిగితే మాట పడతడు, పదిమంది కలిసి అడగండి.

ఇగ పైసల మాట. వాన తర్వాత రాత్రింబవళ్లు పని ఉంటది. యూఏఈ చట్టం ప్రకారం ఓటీ మామూలుగా రోజుకు రెండు గంటలు దాటొద్దు. పెద్ద నష్టం ఆపడానికైతే దాటొచ్చు, కాని మూడు వారాల్లో మొత్తం పని 144 గంటలకు మించొద్దు. ఓటీ గంటకు బేసిక్ లెక్కన 25 శాతం అదనం, రాత్రి 10 నుంచి 4 దాకా అయితే 50 శాతం (షిఫ్టు డ్యూటీ వాళ్లకు ఈ రాత్రి లెక్క లేదు). కంపెనీ రిజిస్టర్ ఎట్లున్నా, ఎన్నింటికి దిగిన్రు, ఎన్నింటికి ఎక్కిన్రు అని ఆ రోజుకారోజు మీ ఫోన్‌లో రాసుకోండి. జీతం పడ్డంక లెక్క తేడా వస్తే ఆ రాత పట్టుకొని గ్రూపులో ఎవరినన్నా కలవండి, కూర్చొని చూద్దాం.