యూరియా గాలికా, వేరుకా?

2025 వానాకాలం గుర్తుందా? యూరియా కోసం రాష్ట్రమంతా లైన్లు. తెల్లారకముందే చెప్పులు వరసలో పెట్టి కూర్చున్న రైతుల వీడియోలు మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు మక్క వేసే ఇంటి పిల్లలకైతే ఆ కష్టం వీడియోలో చూడక్కర్లేదు.

అంత తిప్పలు పడి తెచ్చిన బస్తాను చేలో ఏం చేస్తాం? నడుస్తూ చేత్తో చల్లేస్తాం. పని తొందరగా అయిపోతుంది. నష్టం మొదలయ్యేదీ అక్కడే.

మట్టి పైన పడ్డ యూరియా తేమ తగలగానే కరిగి అమ్మోనియాగా మారుతుంది. ఎండ, గాలి తోడైతే అందులో కొంత ఆవిరై పోతుంది. నల్లరేగడిలో ఈ నష్టం ఇంకా ఎక్కువ. అదే రెండంగుళాల మట్టి కప్పితే, ఆ అమ్మోనియాను మట్టే పట్టి ఉంచుతుంది.

డీఏపీ కథ వేరు. అందులోని భాస్వరం ఎగిరిపోదు, అలాగని కదలదు కూడా. పైన చల్లితే పైనే ఉండిపోతుంది. ఎర్ర చెలకలో ఇనుముతో, నల్లరేగడిలో సున్నంతో ముడిపడి మొక్కకు అందకుండా పోతుంది. మొలక వేరు చిన్నది, దూరం పోయి వెతుక్కోలేదు. లేత మక్క ఆకుల అంచులు ఊదారంగుకు తిరిగితే, చాలాసార్లు అది భాస్వరం అందని గుర్తే.

మరి డీఏపీ ఎక్కడ వేయాలి? గింజకు రెండంగుళాలు పక్కన, రెండంగుళాలు కింద. గింజకు తగిలేలా వేస్తే మొలక మాడుతుంది. విత్తనం, ఎరువు కలిపి వేసే ట్రాక్టర్ గొర్రుతో ఈ పని ఒకేసారి అయిపోతుంది.

ఇప్పుడు చిన్న లెక్క. సాళ్ల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు దాదాపు 33 వేల మొక్కలు. 45 కిలోల యూరియా బస్తా పంచితే ఒక్కో మొక్కకు గ్రామున్నర కూడా రాదు. ఆ చిటికెడు కూడా సాళ్ల నడుమ పడితే తినేది కలుపే.

"మొదలు మొదలుకూ వేయాలంటే కూలీలేరి?" అంటారు. నిజమే. అందుకే మోకాలెత్తు పైరులో సాలు వెంట, మొక్కకు బెత్తెడు దూరంలో యూరియా వేసుకుంటూ పోయి, వెనకాలే గుంటుక తోలాలి. ఎరువు మీద మట్టి పడుతుంది, కలుపూ పోతుంది. పూత ముందు వేసే దఫాకు గుంటుక పట్టదు కాబట్టి, వేసిన రోజే తడి ఇవ్వాలి. మీ నేలకు ఎంత మోతాదో బిజినేపల్లి దగ్గర పాలెం వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగొచ్చు.

ఇదంతా చెబితే "ఫోన్ల సూసి నాకు సేద్యం నేర్పుతవా?" అని నాయిన కసురుతాడు. వాదన పెట్టుకోకండి. ఐదు సాళ్లు మాత్రం అడిగి తీసుకోండి. ఎరువు అంతే, వేసే తీరే వేరు. కోతప్పుడు ఆ ఐదు సాళ్ల కంకులు, పక్క ఐదు సాళ్ల కంకులు విడివిడిగా తూకం వేసి నాయిన ముందు పెట్టండి.