బ్యాటరీ మిక్సీ: వాట్లు చెప్పరేం బాబూ?

మొన్నటిదాకా మా ఆఫీసు పాంట్రీలో పదకొండింటికి కాఫీ మెషీను చప్పుడొక్కటే వినపడేది. ఇప్పుడు దానికి తోడు జుయ్‌మని ఇంకో మోత. తలెత్తి చూస్తే ఎవరో ఒకరు గులాబీరంగు గ్లాసొకటి తలకిందులుగా పట్టుకుని ఊపుతూ కనిపిస్తారు. అదేనండీ, ఫోనులాగా ఛార్జింగ్ పెట్టుకునే బుల్లి బ్లెండర్. మా టీములో పన్నెండు మందిముంటే అయిదుగురి దగ్గరుంది. ఆ అయిదుగురిలో నేనూ ఉన్నాను కాబట్టి తిట్టే హక్కు నాకుంది :)

ముందే చెప్పేస్తున్నా, ఆ వస్తువసలు ఉండకూడదని కాదు నా గొడవ. దాన్ని అమ్మే తీరు మీద, అంతకంటే ఎక్కువగా దాన్ని మనం కొనే తీరు మీద. ఆఫీసులో సర్వరు కొనాలంటే ఒక్క అంకె తేడా వస్తే వెండరుకి చెమటలు పట్టిస్తాం. లోడ్ టెస్ట్ రిపోర్టు లేకపోతే సంతకం పెట్టం. అదే మనం ఇంటికొచ్చి మూడువేలు పోసి వస్తువు కొనేటప్పుడు మాత్రం "4000 ఎంఏహెచ్ అంట, 20 సార్లు తిరుగుతుందంట" అని ఆర్డరు కొట్టేస్తాం. దేనికి ఎంఏహెచ్? ఎంత వోల్టేజి దగ్గర? మోటారు వాట్లెన్ని? ఎవడూ అడగడు. నేనూ అడగలేదు. అడక్కపోవడం వల్ల ఏమైందో చెప్తాను.

ఆ మధ్య మా నాన్నకి పళ్ళు తీయించాల్సొచ్చింది. కట్టుడు పళ్ళు పెట్టడానికి చిగుళ్ళు గట్టిపడాలి, అప్పటిదాకా ఏదైనా మెత్తగా జావలా చేసి పెట్టండన్నాడు డాక్టరు. సరిగ్గా అదే సమయానికి కాశీ ప్రయాణం. నానమ్మ పోయి ఏడాదవుతోంది, అక్కడ పిండం పెట్టాలని నాన్న పట్టుదల. టిక్కెట్లు రెండు నెలల ముందే తీసేశాం. రైల్లో మిక్సీ వాడనివ్వరు, ఆ సాకెట్లు దానికి పనికిరావు కూడా. అప్పుడు నా ఇంజనీరు బుర్రకి తట్టిన మహత్తరమైన ఆలోచన ఈ బ్యాటరీ బ్లెండర్. ఇంట్లో అరటిపండు, పాలు వేసి పరీక్షించాను. బ్రహ్మాండం. అమ్మ కూడా మెచ్చుకుంది. ఒక్క అరటిపండుతో టెస్టింగ్ ముగించి ప్రొడక్షన్‌లోకి తోసేశానన్నమాట.

మర్నాడు రైల్లో మధ్యాహ్న భోజనం వచ్చింది. అన్నం, పప్పు, బంగాళాదుంప కూర గ్లాసులో వేసి, కాసిని నీళ్ళు పోసి బటన్ నొక్కాను. రెండు చుట్లు తిరిగింది. ఆగింది. ఎర్రలైటు మినుకు మినుకుమంది. కదిపాను, ఇంకాసిని నీళ్ళు పోశాను, మళ్ళీ నొక్కాను. అయిదారుసార్లు అలా చేసేసరికి లైటు కూడా ఆరిపోయింది. సరే ఛార్జింగ్ అయిపోయిందేమో అని నా ఫోను ఛార్జరు, రెండువైపులా టైప్ సీ ఉన్న కేబులు పెట్టాను. ఎక్కలేదు. ఆ రాత్రి నాన్న టీలో నానబెట్టిన బిస్కట్లు తిని పడుకున్నారు. కోప్పడలేదు. "ఒరే, నువ్వు ఇంజనీరువి కదా, ఇది ఎంత నమలగలదో చూసుకోలేదా?" అని మాత్రం అడిగారు.

చూసుకోలేదు నాన్నా. తిరిగొచ్చాక చూశాను. ఇదిగో లెక్క, ఎనిమిదో తరగతి ఫిజిక్సు చాలు.

ఎంఏహెచ్ అనేది శక్తి కాదు. దాన్ని వోల్టేజితో గుణిస్తేనే శక్తి వస్తుంది. లిథియం సెల్లు మామూలుగా 3.7 వోల్టులు. అంటే 4000 ఎంఏహెచ్ సెల్లులో ఉండేది 14.8 వాట్ అవర్లు. ఇప్పుడు 2000 ఎంఏహెచ్ సెల్లులు రెండు తీసుకోండి. వాటిని పక్కపక్కన కలిపితే పెట్టె మీద "4000" అని రాసుకోవచ్చు. ఒకదాని వెనక ఒకటి కలిపితే 7.4 వోల్టులవుతుంది, అప్పుడు "2000" అనే రాయాలి. లోపలున్న సెల్లులు అవే, శక్తి అదే 14.8. కానీ మనం ఏది కొంటాం? 4000 రాసున్నదే కదా!

తమాషా ఏంటంటే, అసలు గట్టిగా తిరగగలిగేది ఆ 2000 ది. మోటారు 150 వాట్లు లాగాలంటే 7.4 వోల్టుల దగ్గర 20 ఆంపియర్లు కావాలి, 3.7 దగ్గరైతే 40 ఆంపియర్లు. మీ ఇంట్లో ఏసీకి పెట్టిన ఎంసీబీ కూడా అంత కరెంటుకి ఒప్పుకోదు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ గ్లాసు అడుగున అంత కరెంటు పారే సన్నతీగలున్నాయంటే నేను నమ్మను. కాబట్టి పెద్ద అంకె చూసి మనం ఏరికోరి బలహీనమైన యంత్రాన్ని తెచ్చుకునే అవకాశమే ఎక్కువ.

ఇక "20 సార్లు" సంగతి. ఉన్న 14.8 వాట్ అవర్లనీ ఒక్క చుక్క వృథా కాకుండా 150 వాట్ల మోటారుకి ఇచ్చామనుకుందాం. మొత్తం ఆరు నిమిషాలు. 20 తో భాగిస్తే ఒక్కోసారికి 18 సెకన్లు. 18 సెకన్లలో మెత్తబడేది ముగ్గిన అరటిపండొక్కటే. లేదూ ఒక్కోసారీ నిమిషం తిరుగుతుందంటారా, అయితే మోటారు 40 వాట్లకి కాస్త పైన. మన వంటింటి మిక్సీ 500 నుంచి 750 వాట్లు. అబద్ధం ఏ అంకెలో ఉందో తేల్చుకోవాల్సింది అమ్మేవాడు, నేను కాదు.

అన్నం పప్పు దగ్గర ఎందుకు చతికిలబడిందో కూడా చెప్పేస్తా. చిక్కటి ముద్ద బ్లేడుని పట్టేస్తే మోటారు ఆగుతుంది. ఆగిపోయిన డీసీ మోటారు తిరిగేటప్పటికంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. సెల్లు వోల్టేజి ధడాలున పడుతుంది, కాపలా సర్క్యూటు కట్ చేసేస్తుంది. అది మంచిదే, లేకపోతే కాలిపోతుంది. నేను ఎర్రలైటుని లెక్కచెయ్యకుండా మళ్ళీ మళ్ళీ నొక్కాను చూశారా, అది నా తెలివితక్కువతనం.

ఛార్జింగ్ ఎందుకు ఎక్కలేదో తెలిశాక మాత్రం ఒళ్ళు మండింది. రెండువైపులా టైప్ సీ ఉన్న కేబులు పెడితే, అవతల వస్తువుందా లేదా అని ఛార్జరు ముందు చూసుకుంటుంది. ఆ గుర్తు ఇచ్చేవి 5.1 కిలో ఓముల రెసిస్టర్లు రెండు. అవి లేకపోతే ఛార్జరు కరెంటే వదలదు. పాతరకం చదరపు మూతి కేబుల్లో అయితే 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి ఎక్కుతుంది. రూపాయి కూడా చెయ్యని రెసిస్టర్లని మిగుల్చుకుని, పెట్టె మీద "టైప్ సీ ఫాస్ట్ ఛార్జింగ్" అని అచ్చేశాడు మహానుభావుడు.

పేరున్న కంపెనీది కొంటే ఈ బాధ లేదుగా అంటారా? అమెరికాలో ఉన్న మనవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబరులో అక్కడ బ్లెండ్‌జెట్ 2 అనే మోడల్‌ని వెనక్కి పిలిచారు. ఒక్క అమెరికాలోనే అమ్ముడైనవి సుమారు 48 లక్షలు. వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఒకటి, తిరుగుతుండగా బ్లేడు విరిగి తాగేదాంట్లో పడే ప్రమాదం ఇంకొకటి. అడుగుభాగం ఉచితంగా మార్చి ఇస్తామన్నారు. అంత పేరున్నదానికే అలా అయితే, పెట్టె మీద దిగుమతి చేసుకున్నవాడి చిరునామా కూడా సరిగ్గా లేనివాటి సంగతేంటి? వాటిని వెనక్కి పిలిచే నాథుడెవడు?

కాశీ నుంచి వచ్చాక దాన్ని అలమరలో పడేశాను. నాలుగు నెలల తరవాత తీస్తే అసలు ఉలుకూ పలుకూ లేదు. ఖాళీ బ్యాటరీని నెలల తరబడి వదిలేస్తే సెల్లు వోల్టేజి మరీ కిందకి జారిపోతుంది, ఇక ఛార్జింగ్ తీసుకోదు. ఆ ముక్క మాన్యువల్లో ఒక్క లైను రాయొచ్చు. రాయలేదు. కంపెనీకి ఫోను చేస్తే ఏడాది వారంటీ ఉందన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఆనక చల్లగా చెప్పారు, బ్యాటరీకి, మోటారుకి, బ్లేడుకి వర్తించదట. ఇక మిగిలింది గ్లాసు! గ్లాసు బాగానే ఉందండీ, థాంక్స్.

మా వీధి చివర మిక్సీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. మా అమ్మ మిక్సీకి పదిహేడేళ్ళుగా ఆయనే దిక్కు. కార్బన్ బ్రష్షులు రెండుసార్లు, కింద కప్లరు నాలుగుసార్లు, జారు బ్లేడు ఒకసారి మార్చాడు. ఎప్పుడూ మూడొందలు దాటలేదు. ఆయన దీన్ని అటూ ఇటూ తిప్పి చూసి "సార్, ఇది తెరవడానికి చేసింది కాదు. తెరిస్తే మళ్ళీ మూతపడదు, నీళ్ళు కారతాయి" అని చేతిలో పెట్టేశాడు. స్క్రూలు లేవు, అంతా అతికించేశారు.

నా అసలు కోపం ఇక్కడ. బ్యాటరీ రెండేళ్ళకో మూడేళ్ళకో పోయేదే, అది దాని స్వభావం. అది పోయినరోజే మోటారు, బ్లేడు, గ్లాసు అన్నీ చెత్తలోకి పోవాలని గీతగీసి డిజైన్ చేసింది మాత్రం మనలాంటి ఇంజనీరే. 1960లలో ఇంకో ఇంజనీరు ఉన్నాడు, ఎస్.పి. మాథుర్ అని. విదేశీ మిక్సీ మన రుబ్బుళ్ళకి తట్టుకోలేదని, మన పప్పులకి నిలబడే మోటారుతో సుమీత్ మిక్సీ చేశాడు. ఆ తరం మిక్సీకి ఓవర్‌లోడ్ అయితే కింద ఎర్రబటన్ నొక్కుకుంటే చాలు. పాడైతే వీధి చివర బాగయ్యేది.

"నీళ్ళు తగిలే వస్తువు కాబట్టి సీలు వెయ్యక తప్పదు" అని వాదించేవాళ్ళున్నారు. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం ఈ సాకుని ముందే ఊహించింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న వస్తువుల్లో బ్యాటరీని వాడేవాడే మార్చుకోగలగాలి. తడిలో వాడే, కడుక్కునే వస్తువులకి సడలింపుంది, కానీ అప్పుడు కూడా కనీసం బయటి మెకానిక్కు తీసి మార్చగలగాలి. అంటే సీలు వెయ్యొచ్చు, సమాధి కట్టకూడదు. మనకీ 2022లో బ్యాటరీ వ్యర్థాల నియమాలొచ్చాయి. అమ్మినవాడే పాత బ్యాటరీల బాధ్యత తీసుకోవాలంటాయి. మార్చుకునే హక్కు మాత్రం మనం అడిగితేనే వస్తుంది.

అయితే కొనొద్దా? పీజీలో ఉంటూ, మిక్సీ పెడితే ఓనరు మీటరు చూపించి అరిచే చోట, పొద్దున్నే అరటిపండో ప్రోటీన్ పొడో పాలల్లో కలుపుకునేవాడికి ఇది పనికొస్తుంది. ఇంట్లో మిక్సీ ఉన్నవాళ్ళు కొనక్కర్లేదు. పచ్చడికీ, చట్నీకీ, ముసలివాళ్ళ భోజనానికీ దీన్ని నమ్ముకోవద్దు. కొనేవాళ్ళు మాత్రం ఇవి అడగండి:

1. వాట్లెన్ని, వోల్టేజి ఎంత, వాట్ అవర్లెన్ని? మూడూ చెప్పనివాడి దగ్గర కొనకండి.
2. గ్లాసు సరిగ్గా బిగించకుండా బటన్ నొక్కితే తిరగకూడదు. తిరిగితే ఆ రోజే వెనక్కి పంపండి. వేళ్ళు మళ్ళీ మొలవవు.
3. బ్యాటరీకి బీఐఎస్ రిజిస్ట్రేషను ఉందా? లిథియం సెల్లులకి ఐఎస్ 16046 తప్పనిసరి.
4. రెండువైపులా టైప్ సీ కేబులుతో ఛార్జింగ్ ఎక్కుతుందో లేదో వచ్చినరోజే చూడండి.
5. బ్యాటరీ పోతే మార్చి ఇస్తారా, ఎంతకి? రాసివ్వమనండి.

కొన్నాక: ముందు పాలో నీళ్ళో పొయ్యండి, తరవాత ముక్కలు వెయ్యండి. ముక్కలు బొటనవేలి గోరంత ఉండాలి. మూడింట రెండొంతులకి మించి నింపకండి. తలకిందులుగా పట్టుకుని మొదలుపెడితే బ్లేడు ఇరుక్కోదు. వేడివి అస్సలు వద్దు, ఆవిరి పట్టి మూత ఎగిరిపోతుంది. ఎర్రలైటొస్తే ఆపి, ముక్కలు కదిపి, కాసేపాగండి. తాగిన వెంటనే నీళ్ళూ చుక్క సబ్బూ వేసి తిప్పి కడిగెయ్యండి, అడుగుభాగాన్ని మాత్రం నీళ్ళలో ముంచకండి. ఛార్జింగ్ రంధ్రం ఆరాకే వైరు పెట్టండి. వాడకుండా పక్కన పెట్టేటప్పుడు సగం ఛార్జి ఉంచండి. పోయినదాన్ని చెత్తబుట్టలో వెయ్యకండి, ఈ-వేస్టు తీసుకునేవాళ్ళకివ్వండి.

కాశీలో మేం దిగిన తెలుగువాళ్ళ సత్రంలో నాన్న సంగతి చెప్తే, వంటాయన అన్నంలో పప్పూ నెయ్యీ వేసి పప్పుగుత్తితో రెండు నిమిషాల్లో మెదిపి తెచ్చాడు. నాన్న రెండోసారి కూడా పెట్టించుకున్నారు. ఇప్పుడాయనకి కట్టుడు పళ్ళొచ్చాయి, జంతికలు కూడా నమిలేస్తున్నారు. ఆ బ్లెండర్ మాత్రం ఇంకా నా బల్ల మీదే ఉంది, పెన్నులు పెట్టుకుంటున్నాను. ఈసారి మీ టీములో ఎవరైనా "4000 ఎంఏహెచ్" అంటూ లింకు పంపితే ఒక్క ప్రశ్న వెయ్యండి: "వాట్లెన్ని బాబూ?" అని. పదిమంది అడిగితే పదకొండోవాడికైనా పెట్టె మీద రాసిస్తారు.