ఆండ్రాయిడ్ స్టీరియో సరే, ముందు కార్పెట్ ఎత్తి చూడండి

పాత కారు చేతికి రాగానే మనలాంటి వాళ్లం మొదట చేసే పనేంటి? ఆండ్రాయిడ్ స్టీరియో, డాష్‌క్యామ్, ఒక ఫాస్ట్ ఛార్జర్. నేనూ అదే చేశాను. నాన్న వాడిన 2008 వ్యాగన్ ఆర్ నాకొచ్చిన నెలలోపే 9 అంగుళాల స్టీరియో బిగించేసి, బూట్ అవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో కొలుచుకుని మురిసిపోయాను. కానీ కారెక్కిన ప్రతివాడూ స్క్రీన్ చూడకముందే అడిగేది ఒక్కటే: "ఏంట్రా ఈ వాసన?"

తడిసిన గోనెసంచి వాసన. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. పెర్ఫ్యూమ్ తగిలించాను, రెండుసార్లు షాంపూ వాష్ చేయించాను. పది రోజులకి మళ్లీ మామూలే. చివరికి ఒక యాక్సెసరీస్ షాపుకి తీసుకెళ్తే అతను చెప్పిన పరిష్కారం: "పైన 7డీ మ్యాట్ వేయించేయండి సార్, కింద ఏమున్నా కనపడదు."

ఎర్రర్ వస్తోందంటే లాగింగ్ ఆపేయమన్నట్టుంది ఆ సలహా. అక్కడే డిసైడయ్యాను, కార్పెట్ నేనే తీసి మారుస్తానని. ఆ పని పూర్తయ్యాక నా అభిప్రాయం ఇంకా గట్టిపడింది: పాత కారుకి చేసుకోదగ్గ మొదటి అప్‌గ్రేడ్ స్టీరియో కాదు, కార్పెట్. అదీ కుదిరితే మీ చేత్తో మీరే చేయాలి. డబ్బు ఆదా కోసం చెప్పట్లేదు. షాపువాడి పని కార్పెట్ వేయడం. అది ఎందుకు తడిసిందో కనుక్కోవడం అతని బిల్లులో లేదు.

భయపడాల్సినంత పనేం కాదిది. ఫోన్ బ్యాక్ ప్యానెల్ తీయాలంటే వేడి చేయాలి, జిగురు కోయాలి, అంతా అయ్యాక వాటర్ రెసిస్టెన్స్ మీద ఆశ వదులుకోవాలి. పాత కారు అలా కాదు. ముందు సీట్లకి బోల్టులు, గుమ్మాల దగ్గర ప్లాస్టిక్ పట్టీలకి క్లిప్పులు, గేర్ చుట్టూ ఉన్న కన్సోల్‌కి నాలుగు స్క్రూలు, సీట్ బెల్టు కింది బోల్టులు, వెనక సీటు. ఒక సాకెట్ సెట్, క్లిప్పులు లేపడానికి ప్లాస్టిక్ పుల్లలు చాలు. ఫోన్ రిపేర్ కిట్‌లోవి కూడా కొన్ని పనికొచ్చాయి. విప్పిన ప్రతిదాన్నీ ఫోటో తీసి, బోల్టుల్ని విడివిడి కవర్లలో వేసి పేరు రాసుకున్నాను. "ఇదంతా నీకెందుకురా, మెకానిక్‌కి ఇచ్చెయ్యొచ్చుగా" అని నాన్న ఒక పూట గొణిగారు. మధ్యాహ్నానికి ఆయనే టార్చ్ పట్టుకుని నిలబడ్డారు.

కార్పెట్ లేపాక కానీ సంగతి అర్థం కాలేదు. పైన కనిపించేది పల్చటి పొర. దాని కింద సౌండ్, వేడి ఆపడానికి ముతక ఫెల్ట్ ఉంటుంది. మన షాంపూ, వాక్యూమ్ అన్నీ పై పొరకే. నీళ్లుండేది కింద. ఆ ఫెల్ట్‌ని మూడు రోజులు డాబా మీద ఎండలో పెట్టినా మధ్యలో ఇంకా చెమ్మగానే ఉంది. దాని మీద రెగ్జిన్ మ్యాట్ వేసుంటే ఆవిరి బయటికి పోయే దారి కూడా ఉండేది కాదు.

నీళ్లెక్కడివి? ఏసీవి. చల్లబడిన గాల్లోంచి వచ్చే నీరు ఒక చిన్న రబ్బరు గొట్టం ద్వారా కారు కిందికి పోవాలి. ఆ గొట్టం దుమ్ముతో మూసుకుపోయింది. నీళ్లన్నీ ఎడమ సీటు ముందు ఫ్లోర్ మీదికి దిగాయి. కార్పెట్ కింద నుంచి వెళ్లే వైరింగ్‌లో ఒక కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టింది. ఏడాదిగా ఎడమ టెయిల్ లైట్ మిణుకుమిణుకుమంటుంటే రెండు బల్బులు మార్చాం. అసలు రోగం ఇక్కడుంది.

ఇక తుప్పు. ఫ్లోర్ రేకు మీద అరచేతి మందం ప్యాచ్‌లు మూడు. స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూశాను, దిగలేదు. దిగితే అది ఇంట్లో చేసే పని కాదు, వెల్డింగ్‌కి ఇవ్వాల్సిందే. ముఖ్యంగా సీటు బోల్టులు పట్టే చోట్ల. 15 ఏళ్లు దాటి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిన కారిది. ఇంకో రెండు వానాకాలాలు కార్పెట్ కిందే వదిలేసుంటే ఏమయ్యేదో తలచుకోడానికి కూడా ఇష్టం లేదు. వైర్ బ్రష్, రస్ట్ కన్వర్టర్, ప్రైమర్, పెయింట్. దానికే ఒక రోజు పట్టింది.

కొత్త కార్పెట్ విజయవాడ ఆటోనగర్లో మీటర్ లెక్కన తెచ్చాను. పాతదాన్ని పైన పరిచి చాక్‌పీసుతో గీసుకున్నాను. ఎండలో ఒక గంట ఉంచితే మెత్తబడి వంపులకి బాగా ఒదుగుతుంది. మధ్యలో ఎత్తుగా ఉండే టన్నెల్ నుంచి మొదలుపెట్టి పక్కలకి పరుచుకుంటూ పోవాలి. అంచులు చివర్లో కోయాలి. నేను తొందరపడి ఒక మూల ముందే కోసేశాను, ఇప్పటికీ అక్కడ రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంది. బోల్టు రంధ్రాల కోసం డ్రిల్ పెట్టొద్దు, దారాలు బిట్‌కి చుట్టుకుని కార్పెట్ చిరిగిపోతుంది. బ్లేడుతో చిన్న గాటు చాలు.

పెడల్స్ దగ్గర మాత్రం అందంకన్నా భద్రత చూడండి. యాక్సిలరేటర్ కింద కార్పెట్ ముడత పడకూడదు, పైకి లేవకూడదు. ఫ్లోర్ మ్యాట్ యాక్సిలరేటర్‌ని పట్టేసే ప్రమాదం ఉందని 2009లో టొయోటా అమెరికాలో సుమారు 38 లక్షల కార్లు రీకాల్ చేసింది. సీటు, బెల్టు బోల్టులకి టార్క్ రెంచ్ అరువు తెచ్చుకుని, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి.

అందరికీ ఇదే చెప్పను. సైడ్ ఎయిర్‌బ్యాగులు సీట్లోనే ఉండే కార్లలో సీటు కింద పసుపు రంగు కనెక్టర్లుంటాయి. అలాంటివి కనిపిస్తే తెలిసినవాళ్లకే వదిలేయండి. ఏ కారైనా ముందు బ్యాటరీ నెగటివ్ తీసి పక్కన పెట్టండి.

"రెండు వీకెండ్లు పోయాయి కదా" అన్నాడు నా రూమ్మేట్. పోయాయి. వాడే నాతోపాటు ఒక ఫోన్‌లో కస్టమ్ రామ్ ఎక్కించడానికి మూడు వీకెండ్లు కూర్చున్నాడు, ఆ ఫోన్ ఇప్పుడు డ్రాయర్లో ఉంది.

మీ కార్లో వాసన రాకపోయినా ఒక పని చేయండి. ఉక్కగా ఉన్న రోజు ఏసీ వేసి పది పదిహేను నిమిషాలు ఆగి కిందికి వంగి చూడండి. కారు కింద నీటి చుక్కలు పడుతుండాలి. పడట్లేదంటే ఆ నీళ్లు లోపల ఆగుతున్నాయేమో, ఎడమ సీటు ముందున్న మ్యాట్ ఎత్తి చేత్తో నొక్కి చూడండి.