కసవుదిబ్బకు పునరనుజ్ఞ

పెన్నేటి యొడ్డునున్న మన రొద్దమువంటి కరవుసీమలో బావినీరే ప్రాణాధారము. పూడ్చిన కసవునుండి కారు మురుగు నేలలోనికింకి, ఏండ్లు గడచిన పిమ్మట బావులలో బయటపడును. అందుచేతనే, దినమునకు 5 టన్నులకు మించిన కసవును పూడ్చుచోటులకు కాలుష్య నియంత్రణ మండలి యనుజ్ఞ యుండవలెననియు, అది 5 ఏండ్లే చెల్లుననియు, గడువునకు 60 దినములు ముందే మరల నర్జీ పెట్టవలెననియు 2016 నాటి నియమములు విధించెను.

ఇందులకగు నివేదికల వ్యయమును, ఉద్యోగుల కాలమును భరించువారు పన్ను కట్టు ప్రజలే. పాత కాగితములకు క్రొత్త ముద్ర వేయుటయే పునరనుజ్ఞ యైనచో నా పైకము వృథా. అట్లని దానిని రద్దుచేయుట తగదు. ముందుగా చుట్టునున్న బావుల నీటిని పరీక్షించి, ఫలితమును తెలుగున పంచాయతీ కచేరి గోడపై ప్రకటింపవలెను. అప్పుడు ప్రజల పైకము ప్రజల నీటినే కాపాడును. విద్యార్థులారా, మన యిండ్ల కసవు తగ్గినకొలది యీ భారమును తగ్గును.