పదునాలుగు పాళ్ల గాలి

కార్బరేటరు కాలపు మోటారు మేస్త్రికి చెవియే ప్రధానమైన పనిముట్టు. అంబాసిడరు కారు బానెట్టు ఎత్తి, చిన్న స్క్రూడ్రైవరుతో మిశ్రమపు స్క్రూను అరచుట్టు బిగించుచు, మరల పావుచుట్టు వదలుచు, ఇంజను ఎచ్చట తొట్రుపడుచున్నదో ఎచ్చట నిలకడగా ఊపిరి తీయుచున్నదో తల ప్రక్కకు వాల్చి వినెడివాడు. అంతటితో తృప్తి చెందక నాలుగు మైళ్లు నడిపి, వచ్చిన పిమ్మట ప్లగ్గు విప్పి దాని మూతి చూచెడివాడు. మసి పట్టి నల్లగా నుండినచో పెట్రోలు ఎక్కువైనదనియు, సున్నము పూసినట్లు తెల్లబారినచో తక్కువైనదనియు, బిస్కత్తు రంగున నుండినచో పాళ్లు కుదిరినవనియు ఆతడు చెప్పిన తీర్పునకు తిరుగులేదు. ఆ విద్యను నేను కించపరచను. కాని ఆ తీర్పు ఆ పూటకు, ఆ ఊరికి మాత్రమే చెల్లెడిది. బెజవాడలో బిగించిన స్క్రూ అరకులోయ ఎక్కునప్పటికి అబద్ధమాడెడిది.

ఇప్పుడా స్క్రూ లేదు. అయినను ‘ట్యూనింగు’ అను మాట మాత్రము మన నాలుకను వదలలేదు. వెనుక స్క్రూడ్రైవరు పట్టిన చేతిలో నేడు లాప్‌టాపో, అరచేత ఇమిడెడి స్కానరో, అదియు కాకున్న సెల్‌ఫోనుతో బ్లూటూతు ద్వారా కలిసెడి అగ్గిపెట్టెంత పరికరమో ఉన్నది. దానిని స్టీరింగు క్రింద నున్న పదునారు పిన్నుల సాకెట్టులో గ్రుచ్చి, ‘మిశ్రమము సరిచేసితిమి’ అని బిల్లు వ్రాసి ఇచ్చువారు ఉన్నారు. నమ్మి సొమ్ము చెల్లించువారును ఉన్నారు. స్కానరు మిశ్రమమును సరిచేయదు, చదువును. చదువుటకును దిద్దుటకును గల భేదమును ఈ వ్యాపారములో కావలెనని చెరిపివేయుచున్నారని నా ఫిర్యాదు.

నా సంగతియే చెప్పెదను. నిరుడు వేసవిలో నా కారు డాష్‌బోర్డుపై ఇంజను బొమ్మ గల పసుపు దీపము వెలిగెను. పేరు చెప్పనవసరము లేని ఒక పెద్ద వర్క్‌షాపునకు తీసికొనిపోయితిని. చల్లని గదిలో కూర్చుండబెట్టి, కాఫీ ఇచ్చి, పావుగంటలో ఒక కాగితము తెచ్చి చూపిరి. దానిమీద పి 0171 అను సంకేతము. మిశ్రమము మిక్కిలి పలుచనైనదని, అనగా గాలికి తగిన పెట్రోలు లేదని దాని తాత్పర్యము. “ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చాలి” అని యువకుడొకడు కడు వినయముగా చెప్పెను. మార్చిరి. దీపము ఆరెను. పదవనాడు మరల వెలిగెను. ఈసారి పెట్రోలు పంపు మార్చవలెననిరి. దూత అవధ్యుడని విభీషణుడు రావణునకు చెప్పిన నీతి మన వర్క్‌షాపులకు చేరినట్లు లేదు. ఉన్నమాట విన్నవించిన సెన్సారునే ముందుగా వధించుచున్నారు.

పంపు మార్పింపక, ఆటోనగరులో ముప్పది ఏండ్లుగా షెడ్డు నడుపుచున్న మా పాత మేస్త్రి యొద్దకు పోయితిని. ఆయన యొద్దను అదే జాతి పరికరము, అగ్గిపెట్టెంతది, ఉన్నది. నేను చేతికిచ్చిన కాగితమును చూడనైన చూడలేదు. “కోడు సంగతి తర్వాత చూద్దాం లెండి. ముందు ట్రిమ్ము ఎంతుందో చూడనివ్వండి” అనెను.

ఆ ట్రిమ్మనగా ఏమో చెప్పవలెనన్నచో కొంచెము రసాయనశాస్త్రము తప్పదు. ఒక గ్రాము పెట్రోలు మిగులుగాని కొరతగాని లేక సంపూర్ణముగా దహనమగుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలెను. గాలి తగ్గినచో సగము కాలిన కార్బన్ మోనాక్సైడు వెలువడును. పెరిగినచో పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరు నైట్రోజన్ ఆక్సైడులను విడగొట్టజాలదు. మూడు విషములను ఒక్కమారే హరింపవలసిన ఆ పాత్ర, ఈ తూకమునకు అటు నూటికొకటి, ఇటు నూటికొకటి దాటెనా, ఏదో ఒక విషమును వదలివేయును. ఇంత సన్నని గీతపై ఇంజనును నడిపించుట ఏ మేస్త్రి చెవికిని సాధ్యము కాదు గనుకనే, బాష్ కంపెనీ వారి ఆక్సిజన్ సెన్సారు 1976లో వోల్వో కార్ల పొగగొట్టములలో మొదటిసారిగా చోటు సంపాదించెను. దాని మర్మమంతయు జిర్కోనియా అను పింగాణిలో నున్నది. మూడువందల డిగ్రీలకు మించి కాగిన ఆ పింగాణికి ఒక ప్రక్క బయటి గాలియు, వేరొక ప్రక్క పొగయు తగిలినప్పుడు, రెంటిలోని ఆక్సిజను తారతమ్యమునకు తగినంత విద్యుత్తు పుట్టును. ఆ లెక్కను జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లోనే కట్టియుంచెను. విచిత్రమేమనగా, ఇట్టి జిర్కోనియా కడ్డీతోనే ఆయన ఒక విద్యుద్దీపమును నిర్మించి కొంతకాలము వెలుగొందెను. దీపము మరుగున పడినది గాని, పింగాణి నేడు కోట్ల కార్ల పొగలో కాపురమున్నది.

పెట్రోలు ఎక్కువైనప్పుడు 0.9 వోల్టు వైపునకు, తక్కువైనప్పుడు 0.1 వోల్టు వైపునకు ఆ సెన్సారు ఊగులాడును. కంప్యూటరు ఆ ఊగిసలాటను కనిపెట్టి, ఇంజెక్టరు తెరచియుండు కాలమును రవ్వంత పెంచుచు, రవ్వంత తగ్గించుచు నుండును. ఆ సవరణయే ట్రిమ్ము. అప్పటికప్పుడు చేయునది అల్పకాలిక ట్రిమ్ము. బహుకాలము ఒకే వైపునకు సవరింపవలసి వచ్చినపుడు జ్ఞాపకమున వ్రాసికొని పెట్టుకొనునది దీర్ఘకాలిక ట్రిమ్ము. వెనుకటి మేస్త్రి ఏడాదికి రెండుమార్లు చేసిన పనిని ఈ యంత్రము రోడ్డుపై పోవుచునే, ఎండకు, వానకు, ఘాటురోడ్డుకు తగినట్లు తనకు తాను ఎడతెగక చేసికొనుచున్నది. మనకు మిగిలినది దాని దినచర్యను చదివి, ‘ఇంతగా సవరించుకొనవలసిన అవసరమేమి వచ్చినది?’ అని ప్రశ్నించుట మాత్రమే. ఆ చదువుటలోను పలువురు బోర్లపడుచున్నారు. తెరమీద ఇరువది అని, ముందు కూడిక గుర్తుతో కనబడగానే పెట్రోలు ఎక్కువైనదని భ్రమించుదురు. సత్యము దానికి విపర్యయము: కొరత ఉన్నది గనుక కంప్యూటరు నూటికి ఇరువది అదనముగా పోయుచున్నదని దాని అర్థము. మందు మోతాదు పెరిగినదన్న రోగికి ఆరోగ్యము పెరిగినదని కాదు గదా! ఇటు అటు పదిలోపల నున్నంతవరకు సాధారణముగా విచారింప పనిలేదు.

నా కారు నిలిచియుండి ఐడ్లింగులో నున్నప్పుడు దీర్ఘకాలిక ట్రిమ్ము ఇరువది రెండు. మేస్త్రి కుర్రవానిచేత యాక్సిలరేటరు త్రొక్కించి నిముషమునకు రెండువేల అయిదువందల చుట్లకు తెప్పించగా అదియే అయిదునకు దిగెను. “నిలబడితే ఇరవై రెండు, రేసు చేస్తే అయిదు. ఎక్కడో గాలి పీలుస్తోందండీ” అని ఆయన నవ్వెను. తర్కము చక్కనిది. ఇంజను నెమ్మదిగా తిరుగునపుడు లోనికి పోవు గాలియే స్వల్పము. ఏదో చీలికగుండ కొలతకు చిక్కక చొరబడిన దొంగగాలి అందులో పెద్ద భాగమగును. వేగము హెచ్చినపుడు లోనికి వచ్చు ప్రవాహములో ఆ చీలిక గాలి లెక్కకు రాదు. పంపో ఫిల్టరో బలహీనమైనచో కథ తిరగబడవలెను: బరువు పడిన కొలది కొరత పెరిగి ట్రిమ్ము పైకి పోవలెను. నేను ఒక్క రూపాయి ఖర్చు పెట్టకమునుపే ఆ రెండంకెలు పంపును నిర్దోషిగా విడుదల చేసినవి. పిమ్మట మేస్త్రి కార్బరేటరు క్లీనరు డబ్బాతో రబ్బరు గొట్టముల వెంబడి కొంచెము కొంచెముగా చల్లుకొనుచు పోగా, ఒకచోట ఇంజను చప్పుడు మారెను. తెరమీది అంకె ఉన్నపాటున పడిపోయెను. అడుగున, కంటికి కనబడని వైపున, వ్రేలంత గొట్టము నెరసి చీలియున్నది. క్రొత్త గొట్టము వెల ఇద్దరి హోటలు భోజనమునకు మించలేదు. అయితే ఈ తర్కము లోనికి పోవు గాలిని నేరుగా కొలుచు సెన్సారు గల కార్లకే చెల్లును. గాలి పీడనమును మాత్రము చూచి లెక్కగట్టు కార్లలో చీలిక వేరు వేషమున కనబడును. ఈ భేదము తెలియని వాని చేతిలో ఇవే అంకెలు అబద్ధసాక్షులగును.

ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. పెద్ద వర్క్‌షాపులోని పరికరము వెల గలది, షెడ్డులోనిది చౌకబారుది. ఈ విషయమున రెండును చూపినది ఒకే సమాచారము. అచ్చట సంకేతమును చదివిరి, ఇచ్చట ఇంజనును చదివిరి. సంకేతము ఫిర్యాదు మాత్రమే, తీర్పు కాదు.

దీనికంటె హీనమైన ఆచారము మరియొకటి ఉన్నది. దీపము వెలిగినదని పోయినవానికి కొంత సొమ్ము పుచ్చుకొని, బటను నొక్కి దీపమును ఆర్పి పంపుట. ఆ బటనుతో దీపముతోపాటు కంప్యూటరు వారాల తరబడి నేర్చుకొని వ్రాసికొన్న ట్రిమ్ములును, దోషము పుట్టిన క్షణమున ఇంజను వేగమెంత, వేడియెంత అని దాచుకొన్న సాక్ష్యమును సాధారణముగా మాసిపోవును. దొంగతనము జరిగిన ఇంట పోలీసులు రాకమునుపే నేల అలికినట్లు!

ఇక దిద్దుట. రీమ్యాపింగు అను పేర కంప్యూటరులోని పట్టికలనే తిరిగి వ్రాసి, మైలేజీ పెంచెదము, పికప్పు పెంచెదము అనువారు నగరములలో వెలసియున్నారు. మామూలు నడకలో సెన్సారు చెప్పుచేతలలో నున్న ఇంజనునకు ఈ దిద్దుబాటు వలన మైలేజీ పెద్దగా రాదు. నీవు పట్టికలో తగ్గించినదానిని అది ట్రిమ్ములో మరల పెంచుకొనును. అందుచేత కొందరు సెన్సారునే మోసగించు ఉపాయములు పన్నుదురు. అప్పుడు పొదుపో కాదో గాని, పొగలోని విషము పెరుగుట తథ్యము. మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను తయారీదారు నిర్దేశించిన రూపమును ఇష్టము వచ్చినట్లు మార్చరాదని చెప్పుచున్నది. పట్టిక ఇనుము కాదు గనుక అది మార్పు కాదని వాదించువారితో నేను ఏకీభవింపజాలను. అట్లని దిద్దుటలోని దోషము చిన్న దుకాణములదే అనుకొనరాదు. పరీక్ష జరుగుచున్నదని కనిపెట్టి అప్పటికి మాత్రము బుద్ధిగా నడుచుకొను సాఫ్ట్‌వేరును డీజిలు కార్లలో పెట్టినదని 2015 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము వేలెత్తి చూపినది వోక్స్‌వాగన్ అంతటి సంస్థను.

ఈ సాకెట్టు అసలు పుట్టినది పొగ కొరకు. లాస్ ఏంజిలిస్ పొగమంచుతో కళ్లు మండిన కాలిఫోర్నియా రాష్ట్రము, కార్లు తమ దోషమును తామే చెప్పుకొనవలెనని ముందుగా శాసించెను; 1996 నుండి అమెరికాలో అమ్ముడగు క్రొత్త కార్లన్నిటికిని ఒకే ఆకారపు సాకెట్టు, ఒకే సంకేతభాష తప్పనిసరియైనవి. మన దేశమున 2010 ఏప్రిల్‌లో మొదటి మెట్టు, 2013 ఏప్రిల్‌లో రెండవ మెట్టు ఎక్కితిమి. అనగా ఆ సమాచారము పుట్టుకతోనే ప్రజలది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ పదునాలుగు కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించుచు, విడిభాగములను, పరీక్షా పరికరములను బయటి మెకానిక్కులకు అందనీయకుండుట తప్పని తేల్చినది ఈ న్యాయమును గుర్తించియే. తీర్పు వచ్చి దశాబ్దము దాటినది. మా మేస్త్రి ఫోనులో మాత్రము అన్ని కార్లకు ఉమ్మడియైన సంకేతములే కనబడును. కంపెనీకొక్కటిగా నున్న లోపలి సంకేతములకు తాళము తీయవలెనన్న ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే కావలెను.

నా వాదము ఇంతే: చదువు తలుపులు బార్లా తెరువవలెను, దిద్దు తలుపునకు కాపలా పెట్టవలెను. ఏ షెడ్డువాడైనను ఏ కారు సమాచారమునైనను చదువగలుగవలెను. పట్టిక మార్చినవాడు ఎవరైనను, కంపెనీయైనను, తన పేరు, మార్చిన తేదీ అందులో చెరగని విధముగా వ్రాసి పోవలెను. మన ఐటీఐలలో మెకానిక్ మోటార్ వెహికల్ చదువు పిల్లలకు ట్రిమ్ము చదువుట తెలుగులో, పాఠముగా కాక, చీలిన గొట్టము గల ఇంజనును ముందు పెట్టి నేర్పవలెను.

ఈ చదువు ఎంత అవసరమో ఇటీవలి పెట్రోలే చెప్పుచున్నది. ఇథనాలు కాలుటకు గ్రామునకు తొమ్మిది గ్రాముల గాలి చాలును; అందుచేత నూటికి పది పాళ్లు ఇథనాలు గల పెట్రోలునకు 14.1 గా నున్న తూకము, ఇరువది పాళ్లు కలిపినప్పుడు 13.5 నకు దిగును. పాత పెట్రోలునకు లెక్కగట్టిన కారు ఈ క్రొత్తదానిని త్రాగినప్పుడు, ఏ రోగము లేకున్నను, ట్రిమ్ము సుమారు నాలుగు పైకి జరుగును. అసలే ఆరేడు చూపుచున్న కారు ఇప్పుడు పది దాటును. తెలియనివాడు సెన్సారు మార్చును.

మా మేస్త్రి చొక్కా జేబులో నూనె మరకల చిన్న పుస్తకమొకటి ఉన్నది. వచ్చిన ప్రతి కారునకు రెండంకెలు, నిలిచినప్పటిది ఒకటి, రేసు చేసినప్పటిది ఒకటి, తేదీతో వ్రాసికొనును. నా కారు పుట తిప్పుచుండగా అట్ట లోపలి వైపున పెద్ద అక్షరములతో ‘కొత్త పెట్రోలు – నాలుగు తీసేసి చూడు’ అని కనబడెను. ఇది నీకెవరు చెప్పిరని అడిగితిని.

“ఎవరు చెప్తారండీ” అనెను మేస్త్రి, చేతులు తుడుచుకొనుచు. “ఇరవై బండ్లు చూశాక తెలిసింది.”