నర్సు సేవకు గుర్తింపు పతకంతోనే సరా?

దక్షిణ అండమాన్‌లోని బ్రూక్షాబాద్‌లో ఒక గర్భిణికి నొప్పులు మొదలైతే ఆమెను జీబీ పంత్ ఆసుపత్రికి రోడ్డు మార్గాన తీసుకువెళ్ళవచ్చు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌కు అది శివారు ప్రాంతం. అదే నొప్పులు లిటిల్ అండమాన్ దీవిలోని డుగాంగ్ క్రీక్‌లో ఒక ఓంగే స్త్రీకి వస్తే పరిస్థితి వేరు. పెద్దాసుపత్రికి, ఆమెకు నడుమ గంటల తరబడి సాగే సముద్ర ప్రయాణం ఉంది. ఓడ లేని వేళ, గాలి అనుకూలించని వేళ ఆ తల్లికీ బిడ్డకూ దిక్కు అక్కడున్న ఏఎన్‌ఎం ఒక్కరే.

శాంతి థెరీసా లక్రా ఆ ఉద్యోగంలో 2001లో డుగాంగ్ క్రీక్‌కు వెళ్ళారు. 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు ఓంగేలు ఎత్తైన అటవీ ప్రాంతానికి తరలిపోయి ప్రాణాలు దక్కించుకున్నారు. లక్రా కూడా వారి వెంట అడవిలోనే గుడారంలో ఉండి వైద్య సేవలు అందించారు. ఆ సేవలకుగాను 2011లో ఆమెను పద్మశ్రీ వరించింది. జారవా తెగను పొంగు వ్యాధి బారి నుంచి కాపాడిన డాక్టర్ రతన్ చంద్ర కర్‌కు అదే పురస్కారం 2023లో లభించింది. నర్సుకు ముందు, వైద్యునికి తర్వాత గౌరవం దక్కడం మన దేశంలో అరుదైన విశేషమే!

అయితే ఇటువంటి సేవను ప్రభుత్వం దేనితో కొలుస్తోందన్నది ఆలోచించవలసిన విషయం. ప్రసూతి మరణాలను లక్ష సజీవ జననాలకు ఇన్ని అని లెక్కిస్తారు. 2018-20 అంచనాల ప్రకారం దేశంలో ఆ సంఖ్య 97 కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. ఓంగేల విషయంలో ఈ కొలమానం ఎందుకూ కొరగాదు. 2001 జనాభా లెక్కల్లో వారు 96 మంది, 2011లో 101 మంది. 2008 డిసెంబరులో ఒడ్డుకు కొట్టుకువచ్చిన సీసాలోని ద్రవాన్ని మద్యమని భ్రమించి తాగి ఎనిమిది మంది మరణించారంటే, ఆ తెగలో ఇంచుమించు పన్నెండో వంతు ఒక్క దుర్ఘటనలో తుడిచిపెట్టుకుపోయిందన్నమాట. అటువంటి చోట క్షేమంగా జరిగిన ఒక్క కాన్పు విలువ ఏ శాతాలకూ అందదు. పైగా మంచి నర్సు చేసిన పనికి నిదర్శనం జరగకుండా ఆగిపోయిన ఒక మరణం. జరగని దానిని నమోదు చేసే గడి ఏ రిజిస్టరులోనూ ఉండదు.

సంఖ్యలు పెద్దవైనప్పుడు గుర్తింపు కొంత సులభం కావచ్చు. త్వరగా వస్తుందన్న హామీ మాత్రం లేదు. కర్ణాటకలోని పావగడ తాలూకాకు చెందిన తెలుగు మాతృభాషగాగల సూలగిత్తి నరసమ్మ దాదాపు ఏడు దశాబ్దాల పాటు పైసా ఆశించకుండా 15 వేలకు పైగా కాన్పులు చేశారు. ఆ మంత్రసానికి పద్మశ్రీ 2018లో వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో, తొంభై ఎనిమిదేళ్ళ వయసులో ఆమె కన్నుమూశారు. జీవితమంతా గడిచిపోయాక లభించిన గౌరవం ఆమెకు ఎన్నాళ్ళు ఉపకరించినట్లు?

నర్సుల కోసమే ప్రత్యేక పురస్కారం లేకపోలేదు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ 1973లో జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డును నెలకొల్పింది. ఏఎన్‌ఎంలు, మహిళా ఆరోగ్య సందర్శకులు కూడా దానికి అర్హులు కావడం హర్షణీయం. కానీ రాష్ట్రపతి చేతుల మీదుగా ఏటా కొద్దిమందికి అందే పతకం వేలాది మంది ఉద్యోగ జీవితాన్ని మార్చజాలదు. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఉపకేంద్రాలలో నియమితులైన రెండో ఏఎన్‌ఎంలు తెలంగాణలో 2023 ఆగస్టులో కూడా క్రమబద్ధీకరణ కోరుతూ సమ్మెకు దిగవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి టీకాలు వేసి, గర్భిణుల ఇళ్ళకు తిరిగి, కాన్పులకు తోడు వెళ్ళిన వారు పతకం అడగలేదు, ఉద్యోగానికి భద్రత అడిగారు.

పసిపిల్లల నర్సింగ్ పరిస్థితి మరింత విచిత్రం. బ్రిటన్‌లో పిల్లల నర్సుగా చదివిన వారికి రిజిస్టరులో అదే పేరుతో ప్రత్యేక స్థానం ఉంటుంది. మన దేశంలో అందరూ ఒకే గాటన నర్సులే. జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశు సంరక్షణ కేంద్రంలో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఊపిరిని రాత్రంతా గమనిస్తూ, తల్లిపాలను ట్యూబు ద్వారా చుక్క చుక్కగా పట్టిస్తూ సంపాదించిన నైపుణ్యం సామాన్యమైనది కాదు. అటువంటి నర్సును మర్నాడు ఎముకల వార్డుకు మార్చినా కాగితం మీద ఏ లోపమూ కనిపించదు. లోపం కనిపించేది ఆ బిడ్డ ఉయ్యాల దగ్గర.

ప్రసూతి సేవల విషయంలో మాత్రం కొంత కదలిక వచ్చింది. తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఈ ఉరవడికి అడ్డుకట్ట వేయాలంటే సాధారణ కాన్పు చేయగల నర్సులు కావాలి. తెలంగాణ ప్రభుత్వం 2017లో యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థల సహకారంతో కరీంనగర్‌లో మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. మరుసటి ఏడాది కేంద్రం జాతీయ మార్గదర్శకాలు వెలువరించి పద్దెనిమిది నెలల కోర్సును నిర్దేశించింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో వచ్చిన చట్టం పేరులో నర్సింగ్ సరసన మిడ్‌వైఫరీకి చోటు దొరికింది. శిక్షణ పొందినవారికి ప్రత్యేక పోస్టు, దానికి తగిన వేతనం, కాన్పు గదిలో స్వయంగా నిర్ణయం తీసుకునే అధికారం లేకపోతే ఆ కోర్సు కేవలం గోడకు తగిలించుకునే సర్టిఫికెట్టు మాత్రమే అవుతుంది. ప్రసూతి వైద్యులు ఈ అధికారాన్ని పంచుకోవడానికి మనస్ఫూర్తిగా సిద్ధపడ్డారా అన్నది మరో ప్రశ్న.

అండమాన్ సంగతి తెలుగువారికి దూరపు ముచ్చట కాదు. 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. వారి పిల్లలు కూడా ఈ నర్సుల చేతుల్లోనే పుడుతున్నారు. మారుమూల దీవిలో పనిచేసే ఏఎన్‌ఎం సెలవు పెడితే బదులు మరొకరు రావాలి. అక్కడ గడిపిన ప్రతి సంవత్సరమూ పదోన్నతికి, ఇష్టమైన చోటికి బదిలీకి లెక్కకు రావాలి. ఉన్నత చదువుకు వెళ్ళదలచుకున్న వారికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. ఇతర చోట్ల ఇటువంటి కోర్కెలు వినిపించినప్పుడు, ఆరోగ్యం రాష్ట్రాల బాధ్యత అని చెప్పి కేంద్రం తప్పుకోవచ్చు. అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతం. పతకాలిచ్చే కేంద్రమే అక్కడ పోస్టులు మంజూరు చేయవలసిన ప్రభుత్వం కూడా.