మధ్య కుర్చీలో పసివాళ్లు

ఇటు తల్లి, అటు డాక్టరు, మధ్య కుర్చీలో పదేళ్ల పిల్ల. తల్లికి క్రొయేషియన్ తప్ప మరో భాష రాదు. డాక్టరుకు జర్మన్ తప్ప రాదు. పాపకు రెండూ వచ్చు. యాభై ఏళ్ల కిందట జర్మనీలో ఇలాంటివి ఎన్ని కుటుంబాల్లో జరిగాయో!

1968లో పశ్చిమ జర్మనీ, యుగోస్లావియా కార్మికుల కోసం ఒప్పందం చేసుకున్నాయి. అప్పట్లో యుగోస్లావియాలో భాగమైన క్రొయేషియా పల్లెల నుంచి ఎందరో మ్యూనిక్, స్టుట్‌గార్ట్, ఫ్రాంక్‌ఫర్ట్ బాట పట్టారు. ఫ్యాక్టరీలో నాలుగు ముక్కలు వస్తే రోజు గడిచేది. భాష వంటబట్టింది మాత్రం బడికి వెళ్లిన పిల్లలకే. ఇక బ్యాంకుకైనా, ఆస్పత్రికైనా వాళ్లే తోడు.

అమ్మకు ఆసరా అయ్యామన్న గర్వం ఆ పిల్లలకు ఉండే ఉంటుంది. కానీ అమ్మ ఆపరేషన్ గురించి, నాన్న బాకీ గురించి, ఆఖరికి తమ మీద టీచరు చేసిన ఫిర్యాదు గురించి కూడా వాళ్లే చెప్పాలి. కొన్ని మాటలు అర్థం కావు. కొన్ని అర్థమైనా నోరు రాదు. డాక్టరు చెప్పిన చేదు కబురును కాస్త మెత్తగా చేసి చెప్పిన పిల్లను ఎలా తప్పుపడతాం?

అందుకే దుబాసీలంటే నాకు ఎంతో గౌరవం. ఒకప్పటి మద్రాసు సుప్రీంకోర్టులో మన ఏనుగుల వీరాస్వామి గారు చేసిన కొలువు అదే. పని తెలిసిన దుబాసీ ‘ఆమెకు నొప్పిగా ఉందట’ అనరు. ‘నాకు నొప్పిగా ఉంది’ అనే అంటారు. ఒక మాట కలపరు, ఒక మాట తగ్గించరు. విన్నది గది దాటనివ్వరు. రాతకోతల సంగతి వేరు. జర్మనీలోనూ క్రొయేషియాలోనూ కోర్టు ఎదుట ప్రమాణం చేసిన అనువాదకులు ఉంటారు. కోర్టు తీర్పుకో, డిగ్రీ పట్టాకో వాళ్ల ముద్ర, సంతకం ఉన్న అనువాదమే సాధారణంగా అడుగుతారు.

2013 జులై 1న క్రొయేషియా యూరోపియన్ యూనియన్‌లో చేరడంతో క్రొయేషియన్ అక్కడ 24వ అధికార భాష అయింది. బ్రస్సెల్స్ సభల్లో దుబాసీలు కొలువుతీరారు. కానీ జర్మనీలో ఆస్పత్రి మంచం మీది ముసలమ్మ దగ్గరికి అంత తేలిగ్గా ఎవరూ రారు.

ఆనాడు వలస వెళ్లినవాళ్లకు ఇప్పుడు ఎనభై దగ్గరపడింది. మతిమరుపు జబ్బు వస్తే తరచూ ముందుగా చెదిరేది, తర్వాత నేర్చుకున్న భాషే. ఎన్నో ఏళ్లు జర్మన్‌లో నెట్టుకొచ్చినవాళ్లు కూడా అమ్మభాషలోనే మంచినీళ్లు అడుగుతారు. పక్కనున్న నర్సుకు అది అర్థం కాదు.

ఆ జర్మనీ ఊళ్లలో ఇప్పుడు తెలుగు ఇళ్లూ ఉన్నాయి. మన ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మను డాక్టరుకు చూపించాల్సి వస్తే, జర్మన్ గడగడా మాట్లాడే మనవణ్ని మధ్యలో కూర్చోబెట్టకండి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే, దుబాసీని ఏర్పాటు చేయగలరా అని ఒక్క మాట అడగండి.